బైండింగులో పోయిన పేజీలు

బంటుమిల్లిలో అమ్మమ్మ వాళ్ళ అటక మీద దొరికిన పాత ‘గృహలక్ష్మి’ బైండు ఒకటి నా దగ్గరుంది. తాతమ్మది. బైండు చేసినతను ఏ తొందరలో ఉన్నాడో, అట్టలు చింపేశాడు గానీ ప్రకటనల కాగితాలు కొన్ని అలాగే కుట్టేశాడు. లైబ్రరీ బైండుల్లో ఇవి చాలాసార్లు ఉండవు, అట్టలతోపాటే తీసి పారేస్తారు. స్కాన్ చేసేది ఆ బైండుల్నే. అంటే మనం పీడీఎఫ్‌లో చదివే పాత పత్రిక, అప్పటి పాఠకుల చేతికి అందిన పత్రిక కాదు.

“పోతే పోయాయి, తలనొప్పి మందులతో సాహిత్యానికి పనేంటి?” అనొచ్చు. పనుంది. మన పత్రికల్లో కొన్నిటిని నిలబెట్టింది ఆ మందులే. మా ఊరి నుంచి గుడివాడ మీదుగా పామర్రు వైపు వెళ్తే యెలకుర్రు వస్తుంది. అక్కడ పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టారు. 1908లో అక్కడే ఆంధ్రపత్రికని వారపత్రికగా తెచ్చారు. 1914లో అది మద్రాసులో దినపత్రిక అయింది. 1924లో ‘భారతి’ వచ్చింది. కె.ఎన్. కేసరి గారిదీ అదే దారి: ముందు కేసరి కుటీరం మందులు, తర్వాత 1928లో ‘గృహలక్ష్మి’.

సాహిత్య చరిత్రలు వీళ్ళని దాతలుగా పొగిడి, మందుని ఒక వాక్యంలో దాటేస్తాయి. దాతలే, కాదనను. కానీ మందు పత్రికకి కాగితం కొనిపెట్టింది, పత్రిక మందుకి గిరాకీ తెచ్చింది. ఒకదాన్ని చెరిపేసి రెండోదాన్ని చదవడం ఎలా?

ఆ గిరాకీ మా ఊళ్ళాంటి ఊళ్ళకి వి.పి. పోస్టులో వచ్చేది. ఊళ్ళో దొరకని సరుకు కోసం ఒక కార్డు రాస్తే చాలు. పోస్ట్‌మాన్ పార్సిలు తెచ్చి డబ్బు పుచ్చుకుంటే, అది మనియార్డరుగా అమ్మినవాళ్ళకి చేరేది. ఇప్పటి క్యాష్ ఆన్ డెలివరీ అన్నమాట. పత్రికల చందాలు కూడా వి.పి.లో వసూలు చేసేవాళ్ళు. మందూ కథా ఒకే సంచీలో వచ్చేవి.

తాతమ్మ బైండు దగ్గరికి వస్తాను. ‘గృహలక్ష్మి’ ఆడవాళ్ళ పత్రిక. కనుపర్తి వరలక్ష్మమ్మ గారి ‘శారద లేఖలు’ అందులోనే వచ్చాయి. స్నేహితురాలికి రాసే ఉత్తరాల రూపంలో ఆడవాళ్ళ జీవితాల గురించి నడిచిన గట్టి చర్చ అది. అదే పత్రికలో కేసరి కుటీరం వారి లోధ్ర, గర్భాశయ సమస్యలకి మందు. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు మండింది. ఒక పేజీ ‘నీకూ ఆలోచన ఉంది’ అంటోంది. ఇంకో పేజీ ‘నీ ఒంట్లో జబ్బుంది, కొనుక్కో’ అంటోంది. పైగా పత్రికా మందూ ఒకరివే! ఈ కిటుకు నాకు బాగా తెలుసు. మా టీమ్ రాసే కోడ్ చేసేది అదే: ఎవరికి ఏ బెంగ ఉందో పసిగట్టి, దాని పక్కన సరుకు పెట్టడం.

ఆ కోపంతోనే పేజీ తీసుకెళ్ళి అమ్మమ్మకి చూపించాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది.

“అమ్మ ఇది తెప్పించుకునేదిరా. అప్పుడు ‘బయట చేరింది’ అనడమే గానీ ఇంకో మాట లేదు. నొప్పంటే నోరు ముయ్యమనేవాళ్ళు. అచ్చేసి అమ్ముతున్నారంటే ఇది నా ఒక్కదానికే కాదన్నమాట అనుకుందట.”

నేను వట్టి వ్యాపారం అనుకున్న పేజీలో తాతమ్మ తన నొప్పికి ఒక పేరు చదువుకుంది. అంతమాత్రాన ప్రకటన గొప్పదైపోదు. మందు పనిచేసిందో లేదో అమ్మమ్మకీ తెలీదు. బెంగని సొమ్ము చేసుకోవడం అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ ఇంట్లో పైకి అనకూడని విషయాన్ని తాతమ్మ ముందుకి తెచ్చినవాటిలో ఆ ప్రకటన కూడా ఉంది. ‘శారద లేఖలు’ విడిగా పుస్తకంలో చదివితే వరలక్ష్మమ్మ గారి ఆలోచన తెలుస్తుంది. ఆ ఉత్తరాలు చదివిన మనిషి ఏ బాధతో పత్రిక తెరిచిందో తెలియాలంటే మాత్రం లోధ్ర పేజీ కూడా ఉండాలి.

మీ ఇళ్ళలో పాత పత్రికలుంటే అట్ట నుంచి అట్ట దాకా స్కాన్ చెయ్యండి. సబ్బులూ తైలాలూ వాచీలూ ఏవీ వదలొద్దు. నా దగ్గరున్న బైండు ఈ వారమే మొదలుపెట్టాను, ప్రకటనల కాగితాలతో.