వాహక వినికిడి లోపం, అంతర చెవి: ఒక పాఠ్య విభజనపై విమర్శనాత్మక పరిశీలన

వినికిడి లోపాన్ని వాహక లోపం, నాడీ సంబంధ లోపం అని రెండుగా విడదీయడం శ్రవణశాస్త్ర బోధనలో చిరకాలంగా ఉన్న పద్ధతి. శబ్దం అంతర చెవిని చేరేలోగా అడ్డుపడితే మొదటిది. కర్ణావర్తంలోనో దాని నాడిలోనో దోషముంటే రెండవది. తెలుగు పాఠ్యపుస్తకాలలోని కూటకం, దాగలి, అంకవన్నె అనే పేర్లు సైతం మధ్య చెవిని కమ్మరి పనిముట్లతో, గుర్రపు జీను సామగ్రితో కూర్చిన యంత్రంగానే చూపుతాయి. యంత్రభాగం బిగుసుకుంటే దానిని సరిచేస్తే చాలు, అవతలిది చెక్కుచెదరదు అన్న భావన ఈ చిత్రణలోనే ఇమిడి ఉంది. చికిత్సను నిర్ణయించడానికి ఈ విభజన ఎంతో ఉపయోగకరం. దోషస్థానాన్ని సూచించవలసిన వర్గీకరణ అంతర చెవి ఆరోగ్యానికి హామీపత్రంగా మారిన చోటనే చిక్కు మొదలవుతుంది.

ఆ హామీకి ఆధారం ఎముక వహన పరీక్ష. చెవి వెనుక ఎముకపై కంపకాన్ని ఉంచి ధ్వనిని పంపితే అది మధ్య చెవిని తప్పించుకొని నేరుగా కర్ణావర్తాన్ని చేరుతుందనీ, కనుక ఎముక వహనం సరిగా ఉంటే అంతర చెవి క్షేమమనీ విద్యార్థులు నేర్చుకుంటారు. ఈ అనుమానంలో రెండు పొరపాట్లున్నాయి. అవి ఒకదానికొకటి ఎదురు దిశలలో పనిచేస్తాయి.

మొదటిదాన్ని రేమండ్ కార్‌హార్ట్ 1950లోనే చూపారు. ఒటోస్క్లెరోసిస్‌లో అంకవన్నె బిగుసుకున్నప్పుడు 2000 హెర్ట్జ్ దగ్గర ఎముక వహన రేఖ కుంగుతుంది; శస్త్రచికిత్స ఫలిస్తే ఆ కుంగు చాలావరకు తొలగిపోతుంది. అంటే అక్కడ చెడింది కర్ణావర్తం కాదు. ఎముక ద్వారా వినడంలోనూ మధ్య చెవికి భాగముంది. ‘నేరుగా’ అన్న మాటే సరికాదన్నమాట.

రెండవ పొరపాటు మరింత లోతైనది. ఆడియోగ్రామ్ కొలిచేది మనిషి వినగలిగిన అతి మెల్లని ధ్వనిని మాత్రమే. కుజావా, లిబర్‌మన్ 2009లో ఎలుకలను 100 డెసిబెల్ శబ్దానికి రెండు గంటలు గురిచేశారు. కొద్ది వారాలలో వాటి కనీస వినికిడి స్థాయి మామూలు స్థితికి వచ్చింది, రోమకణాలూ నిలిచాయి. అయితే ఎక్కువ పౌనఃపున్యాలను గ్రహించే ప్రాంతంలో లోపలి రోమకణాలకూ శ్రవణనాడికీ మధ్య ఉండే సినాప్సులు దాదాపు సగం శాశ్వతంగా నశించాయి. ఒక్కొక్క లోపలి రోమకణాన్ని అనేక నాడీతంతువులు అంటిపెట్టుకొని ఉంటాయి. వాటిలో కొన్ని రాలిపోయినా మెల్లని ధ్వనిని పట్టడానికి మిగిలినవి సరిపోతాయి. రద్దీలో మాటను విడదీసి గ్రహించడానికి మాత్రం చాలకపోవచ్చు. ఆడియోగ్రామ్ గీత మామూలుగా ఉన్నంత మాత్రాన లోపల అంతా కుశలమని చెప్పడానికి వీలులేదు.

ఈ నేపథ్యంలో లిబర్‌మన్, మైసన్ ప్రభృతులు 2015లో ప్రకటించిన ప్రయోగం వాహక లోప చర్చను మలుపు తిప్పింది. వారు ఆరు వారాల ఎలుకలలో ఒక వైపు కర్ణభేరిని తొలగించి, ఏడాది తరువాత కర్ణావర్తాన్ని పరీక్షించారు. శబ్దం తగ్గిన చెవికి విశ్రాంతి దొరికి, వయసుతో వచ్చే అరుగుదల తక్కువగా ఉండాలని ఎవరైనా ఊహిస్తారు. ఫలితం తారుమారైంది. మెదడు కాండం నుంచి కర్ణావర్తానికి వచ్చే అపవాహి నాడీ అంత్యాలు ఆ చెవిలో పలచబడ్డాయి. అభివాహి సినాప్సులూ తగ్గాయి. అపవాహి వ్యవస్థ తొలగిపోతే ఓ మోస్తరు శబ్దానికే సినాప్సులు దెబ్బతింటాయని ఈ బృందమే అంతకు ముందు, 2013లో, చూపింది. పని లేక కావలి సడలింది, కావలి సడలి సొత్తు పోయింది అన్నది ఈ రెంటినీ కలిపి చదివితే తోచే అన్వయం.

తోచినంత మాత్రాన అది రుజువైనట్టు కాదు. కర్ణభేరి తొలగిస్తే మధ్య చెవి బయటి వాతావరణానికి తెరుచుకుంటుంది. క్షతికంతా నిశ్శబ్దమే కారణమని తేల్చడం సులభం కాదు. ఇటువంటి వివాదం ఈ రంగానికి కొత్తదీ కాదు. పుట్టినప్పటి నుంచి శబ్దం తగ్గించిన ఎలుకలలో మెదడు కాండపు శ్రవణకణాలు చిన్నబోయాయని వెబ్‌స్టర్ ద్వయం 1977లో ప్రకటించగా, కోడిపిల్లలలో కేవల వాహక లోపం అటువంటి మార్పు తేలేదని టుచ్చి, రూబెల్ 1985లో వాదించారు. పైగా ఎలుకకు ఏడాది అంటే జీవితంలో పెద్ద భాగం. దానిని మనిషి ఏళ్లలోకి మార్చి చెప్పే సూత్రమేదీ నమ్మదగినది కాదు. చెవిలో చీము కారే వ్యాధిలో మరో దారీ ఉంది: వాపు వల్ల పుట్టిన పదార్థాలు వర్తులాకార కిటికీ పొర గుండా కర్ణావర్తంలోకి చొరబడగలవు. ఇది రసాయన క్షతి, శబ్దలేమి వల్ల వచ్చే క్షతి కాదు. పాఠాలలో ఈ రెంటినీ ఒకే వాక్యంలో కలిపేయడం వల్ల ఏది ఆపరేషన్‌తో ఆగుతుందో, ఏది ధ్వనిని తిరిగి అందించడంతో ఆగుతుందో తెలియకుండా పోతుంది.

మనుషులలో లభించిన సూచన ఓకాడా ప్రభృతుల 2020 నాటి పరిశీలన. ఎముక వహనం మామూలుగానే ఉన్న దీర్ఘకాల వాహక లోపులలో, తగినంత బిగ్గరగా వినిపించినప్పటికీ, లోపమున్న చెవి పదాలను తక్కువగా గుర్తించింది. ఇది సహసంబంధమే, కార్యకారణ నిరూపణ కాదు. అయినా ‘తొందరేమీ లేదు, ఎప్పుడైనా చేయించుకోవచ్చు’ అన్న సలహాను ప్రశ్నించడానికి ఇది చాలు. ఆ సలహా నిలిచి ఉన్నది ఎముక వహన రేఖ మీద. క్షతి కనిపించవలసినది పదాల పరీక్షలో.

తెలుగు రోగి విషయంలో ఆ పరీక్షే బలహీనమైనది. స్వరధ్వనికి భాష లేదు, పదానికి ఉంది. ఆంగ్ల పరీక్షా జాబితాలు హల్లుతో ముగిసే ఏకాక్షర పదాల మీద ఎక్కువగా ఆధారపడ్డాయి. తెలుగు పదాలు ప్రధానంగా అజంతాలు, రెండు మూడు అక్షరాలవి. అనువాదం ఇక్కడ పనికిరాదు. కల–కళ, పాట–బాట, అల–అల్ల వంటి భేదాలను ఏ చెవి ఎంతవరకు పట్టగలదో కొలవాలంటే జాబితాను తెలుగు ధ్వని వ్యవస్థ నుంచే కూర్చాలి. ఆ పని భాషాశాస్త్ర శాఖలదీ శ్రవణశాస్త్ర శాఖలదీ కలిసి చేయవలసినది. జాబితా చేతికి వచ్చిన తరువాత కూడా, లోపం ఏ ఏట మొదలైందన్నది ఫలితం పక్కన రాసి ఉంటేనే శబ్దలేమి కాలానికీ పద గుర్తింపుకూ గల సంబంధాన్ని పరీక్షించడం వీలవుతుంది.