అడిగి లెక్కపెట్టే పనితనం

వెబ్‌సైట్‌కు వచ్చిన ఎంక్వైరీల్లో ఏది ఏ ప్రకటన చూసి వచ్చిందో లెక్క తేల్చడమంటే నాలుగు వరుసల కోడ్ అతికించడమేనని చాలామంది అనుకుంటారు. ఆ పనిలోని పనితనం తెలియాలంటే జర్మనీ వైపు చూడాలి. ప్రపంచంలో తొలి డేటా రక్షణ చట్టాన్ని 1970లో చేసింది అక్కడి హెస్సే రాష్ట్రమే. తన సమాచారంపై నిర్ణయం పౌరుడిదేనని 1983లో జనగణన కేసులో రాజ్యాంగ న్యాయస్థానం చెప్పింది. ముందే టిక్కు పెట్టిన గడిని సమ్మతిగా లెక్కించకూడదని 2020లో ప్లానెట్49 అనే కంపెనీ కేసులో అక్కడి ఫెడరల్ న్యాయస్థానం తేల్చింది. అందుకే అక్కడి మంచి పనివాడు ముందుగా కుకీల అనుమతి అడిగే పెట్టెలో ‘ఒప్పుకోను’ బటన్ నొక్కి, బ్రౌజర్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి, ట్రాకింగ్ సమాచారం ఏదీ బయటికి పోవడం లేదని కళ్లారా చూసుకుంటాడు. ఒప్పుకున్నవారి లింకులో, ఏ ప్రకటన నుంచి వచ్చారో చెప్పే యూటీఎం గుర్తును మాత్రం ఫారంలోని కనిపించని గడికి చేరుస్తాడు. ఒకే ఫారం రెండుసార్లు పంపినా ఒక్కటిగానే లెక్క పడేలా చూస్తాడు.

ఇలాగైతే కొంత లెక్క చేజారుతుంది కదా అంటారు. నిజమే, జారుతుంది. అయితే వ్యాపారికి అసలు కావలసింది ఎన్ని ఎంక్వైరీలు ఆర్డర్లయ్యాయన్న లెక్క. అది దొరికేది అతని కస్టమర్ల రికార్డులోనే, కుకీలో ఉండదు. మిగిలిన లోటును ఫారంలో ‘మా గురించి ఎలా తెలిసింది?’ అన్న ఒక్క ప్రశ్న కొంతవరకు పూడుస్తుంది. దొంగచాటుగా చూసినదానికంటే మనిషి తానుగా చెప్పినదే వ్యాపారికి ఎక్కువ పనికొస్తుంది. మీ సైట్‌కు ఈ పని చేయించుకునేటప్పుడు, ముందు ‘ఒప్పుకోను’ నొక్కి చూపించమనండి.