జిగురుబూజులు: లిస్టర్ గ్రంథ పరిశీలన

ఒక జీవజాతి తమ ప్రాంతమునకు కొత్తదని ప్రకటించువారు దానిని ఎట్లు రుజువు చేయవలెను? జిగురుబూజుల విషయమున ఆర్థర్ లిస్టర్ 1894లో వెలువరించిన 'మోనోగ్రాఫ్ ఆఫ్ ది మైసెటోజోవా' ఇందుకు మార్గము చూపుచున్నది.

ఈ జీవులు కుళ్లిన కొయ్యమీద, రాలిన ఆకులమీద జిగురుముద్దవలె ప్రాకి, పిమ్మట చిన్న సిద్ధబీజాశయములుగా మారును. ముద్దను చూచి జాతిని గుర్తించుట సాధారణముగా సాధ్యముకాదు. సిద్ధబీజాశయములోని దారములను, సున్నపు రేణువులను, సిద్ధబీజములపై ముళ్లను సూక్ష్మదర్శినిలో పరీక్షింపవలెను. లిస్టర్ వర్ణనలకు బ్రిటిష్ మ్యూజియములోని నమూనాలు ఆధారము. గ్రంథమునకు ఇదే బలము. ఆయన కుమార్తె గులియెల్మా దీనిని సవరించి 1911లోను, 1925లోను తిరిగి ప్రకటించినారు.

అయితే, ఇందు ఒక దేశము పేరు కనబడనంతమాత్రమున ఆ జాతి అచట లేదని తలచరాదు. అచట వెదకినవారే లేకపోవచ్చును. 1933లో గిల్బర్ట్, మార్టిన్ అనువారు బ్రతికియున్న చెట్ల బెరడును తడిగా ఉంచి చూడగా, బయట కంటబడుట అరుదైన జాతులు దానిపై పెరిగినవి.

మరొక చిక్కు కలదు. లిస్టర్ ఒకే జాతిగా వర్ణించిన ట్రైకియా వేరియాలో, పరస్పరము సంకరము చెందని మూడు జాతులున్నట్లు 2015లో డి.ఎన్.ఏ. పరిశోధన చూపినది. ఇట్టి పునఃపరిశీలనకు భద్రపరచిన నమూనా కావలెను. ఛాయాచిత్రము చాలదు. కావున కొత్త పేరును పట్టికలో చేర్చు విద్యార్థులు ఎండిన నమూనాను, దొరికిన చోటు, తేదీ, అది పెరిగిన వస్తువుల వివరములతో హెర్బేరియమునకు అప్పగింపవలెను.