విభజన కథనాల్లో సేవకుని పాత్ర: వినడం, వినకపోవడం

ప్రస్తావన

1947 నాటి దేశవిభజన కోటిమందికి పైగా ప్రజలను స్వస్థలాల నుంచి పెళ్లగించింది. ఆ విషాదం నుంచి పుట్టిన రచనలను పరిశీలించేటప్పుడు విమర్శకుల దృష్టి సహజంగానే హింసకు పాల్పడినవారిపైన, హింసకు గురైనవారిపైన నిలుస్తుంది. వీరి నడుమ మరొక పాత్ర ఉంది. శిబిరంలో వివరాలు రాసుకొనేవాడు, తప్పిపోయినవారిని వెతకబోయేవాడు, తిరిగివచ్చిన స్త్రీలను ఆదరించాలని వీధుల్లో ప్రచారం చేసేవాడు ఆ పాత్రకు భిన్నరూపాలు. ఈ సేవకుణ్ణి విభజన సాహిత్యం ఎట్లా చిత్రించిందో మూడు కల్పనారచనలు, ఒక జ్ఞాపకరచన ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

‘రజాకార్’ అనే మాట

సాదత్ హసన్ మంటో ఉర్దూ కథ ‘ఖోల్ దో’ 1948లో వెలువడింది. అమృత్‌సర్ నుంచి బయలుదేరిన రైలులో లాహోర్ సమీపంలోని మొఘల్‌పురా చేరిన సిరాజుద్దీన్ దారిలో కూతురు సకీనాను పోగొట్టుకొంటాడు. లారీ, తుపాకులు ఉన్న ఎనిమిదిమంది యువకులు ఆమెను వెతికి తెస్తామని మాట ఇస్తారు. మంటో వారిని ‘రజాకార్లు’ అన్నాడు. ‘రజా’ అంటే ఇష్టం, సమ్మతి. ‘కార్’ అంటే చేసేవాడు. తన ఇష్టంతో సేవకు పూనుకొన్నవాడని ఆ మాటకు అర్థం.

తెలుగు పాఠకునికి, ముఖ్యంగా తెలంగాణ పాఠకునికి, ఆ అర్థం తోచదు. 1947-48లో హైదరాబాద్ సంస్థానంలో ఖాసిం రజ్వీ నాయకత్వంలో చెలరేగిన సాయుధదళమే గుర్తుకు వస్తుంది. అందువల్ల అనువాదంలో ఈ మాటను యథాతథంగా ఉంచితే పాఠకుడు మొదటి నుంచే ఆ యువకులను శంకిస్తాడు. కథాశిల్పం మాత్రం ఆ శంక కలగకపోవడం మీదనే ఆధారపడి ఉంది. యువకులు సకీనాకు ధైర్యం చెబుతారు, తినడానికి పెడతారు, పైటలేక ఇబ్బంది పడుతున్న ఆమెకు ఒకడు తన కోటు ఇస్తాడు. తండ్రి వారి మేలు కోరి ప్రార్థిస్తూనే ఉంటాడు. ఆ తరువాత జరిగిన ఘోరాన్ని మంటో వర్ణించలేదు. శిబిరం ఆసుపత్రిలో డాక్టరు కిటికీ తెరవమన్నప్పుడు, అర్ధచైతన్యంలో ఉన్న సకీనా చేతులు ఆ మాటకు స్పందించిన తీరులోనే జరిగినదంతా తెలుస్తుంది. కాబట్టి ‘స్వచ్ఛంద సేవకులు’ అనే అనువాదమే ఇక్కడ సమంజసం. చారిత్రక ఛాయ కొంత పోయినా, తండ్రి నమ్మకంలో పాఠకుడు భాగస్వామి అవుతాడు.

ముగింపులో తండ్రి కూతురు బతికి ఉందని సంతోషిస్తాడు. డాక్టరుకు చెమటలు పడతాయి. కథలోని సహాయకులందరిలో ఆమె చెప్పలేని మాటను గ్రహించినవాడు ఆ డాక్టరు ఒక్కడే.

దేవతగా మారిన భార్య

రాజిందర్ సింగ్ బేదీ ‘లాజవంతి’లో సుందర్‌లాల్ దుర్మార్గుడు కాడు. అపహరణకు గురై తిరిగివచ్చిన స్త్రీలకు హృదయంలో చోటివ్వాలని ప్రచారం చేసే కమిటీకి అతడు కార్యదర్శి. అతని భార్య లాజో కూడా అపహృతురాలే. ధోబీ మాటకు సీతను విడిచిన రాముని కథను మందిరంలో ప్రవచనకారుడు సమర్థిస్తే ఎదిరించిన ధైర్యం అతనిది. లాజో తిరిగి వచ్చినప్పుడు అతడు ఆమెను నిరాకరించడు. ఒకప్పుడు కొట్టినవాడే ఇప్పుడు దేవీ అని పిలుస్తాడు. అయితే ఆమె తన అనుభవాన్ని చెప్పబోతే గతాన్ని మరచిపొమ్మంటాడు.

ఇక్కడ బేదీ చూపిన వైరుధ్యం సూక్ష్మమైనది. సుందర్‌లాల్ ఆచరణ అతని నినాదానికి విరుద్ధం కాదు; ఆ నినాదానికే ఒక పరిమితి ఉంది. ఆదరించవలసినది ఎవరినో అది చెబుతుంది, వారి మాట వినాలని చెప్పదు. లాజో కోరుకొన్నది పూజ కాదు, పోట్లాడుకొంటూ రాజీపడే పాత కాపురం. ముట్టుకొంటే ముడుచుకొనే అత్తిపత్తి మొక్క పేరును కథకు పెట్టడంలోని ఔచిత్యం ఇదే. భర్త ముట్టుకోవడానికే వెనుదీసిన గాయం ఆమెలో అట్లాగే మిగిలిపోతుంది.

అంకెల బాబు

1947లో రావల్పిండి అల్లర్ల సమయంలో భీష్మ సాహ్ని స్వయంగా సహాయ కార్యక్రమాల్లో పాల్గొన్నారు. ఆయన హిందీ నవల ‘తమస్’ చివరిభాగంలో రిలీఫ్ కమిటీ కార్యాలయం కనిపిస్తుంది. రిజిస్టరు పట్టుకొని కూర్చొన్న బాబుకు కావలసినవి మృతుల సంఖ్య, నష్టం వివరాలు మాత్రమే. బాధితులు కథ మొదలుపెట్టగానే అంకెలు చెప్పమని అడ్డుకొంటాడు.

దీనిని కేవలం వ్యంగ్యంగా చదవడం సరికాదు. లెక్క లేకుండా వేలమందికి బియ్యం, బట్ట, పరిహారం అందవు. పైగా సాహ్ని బాధితులను కూడా ఆదర్శీకరించలేదు. బావిలో దూకి మరణించిన భార్య చేతి బంగారు గాజులు తీయించమని ఒకడు ప్రాధేయపడతాడు. అపహృతురాలైన కూతురు తిరిగి రావడం ఇష్టంలేని తల్లిదండ్రులూ అక్కడే ఉన్నారు. ఈ అనుభవాలకు రిజిస్టరులో గడి లేదు. లెక్క అవసరమే అయినా అది చాలదని నవల సూచిస్తుంది.

అనీస్ కిద్వాయ్ సాక్ష్యం

పై మూడు రచనల్లోని లోటుకు అనీస్ కిద్వాయ్ ఉర్దూ జ్ఞాపకరచన ‘ఆజాదీ కీ ఛావోం మే’ సమాధానంలా నిలుస్తుంది. 1947లో ముస్సోరీలో భర్త హత్యకు గురైన తరువాత ఆమె ఢిల్లీకి వచ్చి గాంధీజీని కలిసి, పురానా ఖిల్లా, హుమాయూన్ సమాధి శిబిరాల్లో సేవచేశారు. ఆమె తాను వేరు, బాధితులు వేరు అన్న భావంతో రాయలేదు. శిబిరంలోని మురికి, నిర్వాహకుల అలసత్వం, సేవకుల అసహాయత అన్నీ నమోదు చేశారు.

అపహృత స్త్రీల విషయంలో ఈ దృష్టి మరింత విలువైనది. 1949 నాటి చట్టం వారిని స్వాధీనం చేసుకొని తరలించే అధికారం ఇచ్చింది. స్త్రీ సమ్మతికి అందులో చోటు లేదు. తిరిగి వెళ్లడానికి నిరాకరించిన స్త్రీల భయాన్ని, సిగ్గును, కొత్త బంధాలను కిద్వాయ్ సానుభూతితో అర్థం చేసుకొన్నారు. తాను పాల్గొన్న కార్యక్రమాన్నే ప్రశ్నించగల నిజాయితీ ఆ రచనకు బలం.

ముగింపు

మంటో కథలో సేవ అధికారంగా మారింది. బేదీ కథలో ఆదర్శంగా, సాహ్ని నవలలో లెక్కగా మిగిలింది. ఈ మూడింటినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. రజాకార్లది నేరం, సుందర్‌లాల్‌ది భీతి, బాబుది వృత్తిధర్మంలోని ఇరుకుతనం. అయినా మూడుచోట్లా బాధితుల మాటకు చోటు దొరకలేదు. ‘రజా’ అనే పదంలోని సమ్మతి సేవచేసేవానికే పరిమితమైనంతకాలం ఆ లోటు తీరదు. సేవ పొందేవారి సమ్మతిని కూడా అడిగిన రచనగా కిద్వాయ్ గ్రంథాన్ని ఈ కల్పనారచనల పక్కన ఉంచి చదవడం అవసరం.