పైపు కోసం కోసిన దూలం

అమెరికా ఇళ్లలో ఎక్కువ భాగం చెక్క కట్టడాలే. వాటిలో పై అంతస్తు నేలను మోసేది కాంక్రీటు శ్లాబు కాదు, గోడ నుంచి గోడకు సాధారణంగా 16 అంగుళాల ఎడంలో అంచు మీద నిలబెట్టిన చెక్క దూలాలు. వీటిని జాయిస్టులంటారు. వాటి మీద ప్లైవుడ్ పరిచి, ఆపైన టైల్సో చెక్క ఫ్లోరింగో వేస్తారు. కింది గది సీలింగును కూడా వాటికే బిగిస్తారు. నీటి పైపులు, డ్రెయిన్లు, వైర్లు ఈ రెంటి మధ్య ఖాళీలోనే నడుస్తాయి. దూలాల వెంట సాగే పైపుతో ఇబ్బంది లేదు. వాటిని అడ్డంగా దాటాల్సి వచ్చినప్పుడే రంపం బయటికొస్తుంది. శ్లాబు ఇళ్లలో పెరిగి న్యూజెర్సీ లాంటి చోట్ల పాత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలు, బాత్రూం నేల కాస్త ఊగితే చెక్క ఇల్లు కదా అని సరిపెట్టుకోవచ్చు. అలా సరిపెట్టుకోకూడదు.

బరువు పడ్డప్పుడు దూలం కొద్దిగా వంగుతుంది. అప్పుడు పై అంచు నొక్కుకుపోతుంది, కింది అంచు సాగుతుంది. నడిమి ఎత్తులో మాత్రం ఈ లాగుడు దాదాపు ఉండదు. అందుకే నడుమ గుండ్రంగా తొలిచిన రంధ్రాన్ని దూలం ఓర్చుకుంటుంది, అంచున కోసిన గాటును ఓర్చుకోదు. అమెరికాలో విస్తృతంగా అమలయ్యే ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్ లెక్కలు ఈ సూత్రం మీదే నిలిచాయి. రంధ్రం వ్యాసం దూలం లోతులో మూడో వంతు దాటకూడదు, పై అంచు నుంచీ కింది అంచు నుంచీ కనీసం 2 అంగుళాలు వదలాలి. చివర్లలో తప్ప గాటు లోతు దూలం లోతులో ఆరో వంతు మించకూడదు. దూలం పొడవులో నడిమి మూడో భాగంలో అసలు గాటే పెట్టకూడదు.

టాయిలెట్ దగ్గర ఈ లెక్క ఎలా తప్పుతుందో చూస్తే సంగతి తేటపడుతుంది. టూ బై టెన్ పేరుతో అమ్మే దూలం అసలు లోతు 9.25 అంగుళాలు. అందులో మూడో వంతు 3 అంగుళాలకు కొంచెం పైన. టాయిలెట్‌కు వాడే 3 అంగుళాల పీవీసీ డ్రెయిన్ బయటి వ్యాసం 3.5 అంగుళాలు. అంటే ఆ పైపు ఆ దూలంలోంచి నిబంధన ప్రకారం పోనే పోదు. పైపు దారి మార్చాలి, లేదా దూలాల అమరికే మార్చాలి. ఆ రెండూ చేయకుండా పై అంచును 3 అంగుళాలు కోసేస్తే అక్కడ మిగిలేది 6.25 అంగుళాలు. బలం లోతు వర్గాన్ని బట్టి, బిగువు ఘనాన్ని బట్టి ఉంటాయి కనుక, ఆ చోట బలం 46 శాతానికి, బిగువు 31 శాతానికి పడిపోతాయి. మూడో వంతు చెక్క పోతే సగానికి పైగా బలం పోయింది. కింది అంచును కోస్తే ఇంకా ప్రమాదం. సాగుతున్న నార తెగి, గాటు మూల నుంచి చీలిక దూలం వెంట పాకుతుంది.

నడిస్తే నేల కుంగడం, టైల్స్ మధ్య గ్రౌట్ పదే పదే పగలడం, కింది సీలింగులో గీత పడటం దీని గుర్తులు. కదిలే నేల మీద టాయిలెట్ కూడా కదులుతుంది. దాని అడుగున ఉండే మైనపు రింగు పట్టు వదిలి నీరు కొద్దికొద్దిగా చెక్కలోకి ఇంకుతుంది. స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూస్తే మంచి చెక్క మొనను అడ్డుకుంటుంది, కుళ్లినది మెత్తగా లోపలికి పోనిస్తుంది. ఈ దశలో పైన కొత్త టైల్స్ వేయించడం డబ్బు నీళ్లపాలు చేయడమే.

మరమ్మతు కింది నుంచి మొదలవ్వాలి. ముందు లీకు ఆపి, చెక్కను పూర్తిగా ఆరనివ్వాలి. దెబ్బతిన్న చోటుకు ఇరువైపులా తాత్కాలిక దూలం, పోట్లు పెట్టి బరువు వాటి మీదికి మార్చాలి. కుంగిన దూలాన్ని జాకీతో కొద్దికొద్దిగా, రోజుల తరబడి ఎత్తాలి. తొందరపడితే పై గోడలు పగులుతాయి. తర్వాత అదే లోతున్న కొత్త దూలాన్ని పాతదాని పక్కన జిగురుతో, బోల్టులతో జత చేస్తారు. ఈ జత దూలం రెండు చివర్లూ గోడ మీదో బీము మీదో ఆనితేనే పని పక్కా. అది కుదరకపోతే గాటుకు రెండు వైపులా ఎంత దూరం సాగాలో, ఎన్ని బోల్టులు పడాలో ఇంజనీరే తేల్చాలి. గాటు పక్కన రెండడుగుల ముక్క మేకులతో కొట్టి వదిలేయడం మరమ్మతు కాదు, కప్పిపుచ్చడం.

దూలం పూర్తిగా తెగిపోయి, పైపును కదిలించే వీలు లేకపోతే హెడర్ కట్టాలి. తెగిన కొసను అడ్డదూలానికి తగిలించి, ఆ అడ్డదూలాన్ని అటూ ఇటూ ఉన్న పొరుగు దూలాలకు జాయిస్టు హ్యాంగర్లతో బిగిస్తారు. అదనపు బరువు మోసే పొరుగువాటిని అవసరం మేరకు జంటగా చేస్తారు. హ్యాంగర్‌కు తయారీదారు చెప్పిన మేకులే, చెప్పిన రంధ్రాలన్నిటా దిగాలి. వాటి బదులు డ్రైవాల్ స్క్రూలు వాడకూడదు. అవి పెళుసు, బరువు పడితే పుటుక్కున తెగుతాయి. కుళ్లిన ప్లైవుడ్‌ను గట్టి చెక్క దొరికేదాకా కోసి, కొత్త పలక అంచులన్నీ దూలం మీదో అడ్డుదిమ్మ మీదో ఆనేలా వేయాలి.

కొత్త ఇళ్లలో వాడే ఐ-జాయిస్టులు (I ఆకారపు దూలాలు), ట్రస్సుల (ముక్కలు కలిపి అల్లిన దూలాల) సంగతి వేరు. ఐ-జాయిస్టు పై, కింది పట్టీలను కోయకూడదు. రంధ్రం ఎక్కడ, ఎంత అన్నది తయారీదారు పట్టికే చెబుతుంది. ట్రస్సులో ఏ ముక్క తెగినా ఇంజనీరు గీసిచ్చిన మరమ్మతు నమూనా లేకుండా చేయి పెట్టరాదు.

చివరగా పైపు. వీలైతే దాన్ని దూలాల వెంట, లేదా గోడలోకి తిప్పాలి. డ్రెయిన్‌కు వాలు తప్పనిసరి కనుక దూలాలను దాటేచోట ఒక్కో రంధ్రం ముందుదానికంటే కాస్త కిందికి రావాలి. ఆ వాలు కలుపుకొని కూడా కింది అంచున 2 అంగుళాలు మిగలాలి. డ్రెయిన్‌ను నీటితో నింపి కీళ్లు కారడం లేదని చూసుకుని, స్థానిక ఇన్‌స్పెక్టర్ దూలాలనూ పైపులనూ తనిఖీ చేశాకే కింది గది సీలింగు మూయాలి.