వినకుండానే తెలుసుకొనుట: "సిటిజన్‌ఫోర్" చిత్రం

2014లో విడుదలైన "సిటిజన్‌ఫోర్" 114 నిమిషాల వాస్తవిక చిత్రం. దర్శకురాలు లారా పోయిట్రాస్. ఇందులోని ప్రధానభాగం హాంకాంగులోని ఒక హోటలు గదిలో, 2013 జూన్ నెలలో చిత్రించబడినది. అమెరికా జాతీయ భద్రతా సంస్థ పనులు చేసే ఒక కంట్రాక్టు కంపెనీ ఉద్యోగి, 29 ఏళ్ల ఎడ్వర్డ్ స్నోడెన్, ఆ గదిలో మంచంపై కూర్చుండి, తన ప్రభుత్వం ప్రజల సమాచారాన్ని ఏ విధంగా పోగుచేస్తున్నదో పత్రికా విలేఖరులకు వివరిస్తాడు. 2015లో ఈ చిత్రానికి ఆస్కారు బహుమతి లభించినది.

బహుమతికి ఇది అర్హమే. స్నోడెన్ సంకేతపదాన్ని టైపు చేయటానికి తలపై ఎర్రని గుడ్డ కప్పుకొనే దృశ్యం మొదట నవ్వు పుట్టిస్తుంది. క్షణంలో ఆ నవ్వు ఆగిపోతుంది. అగ్నిప్రమాదపు గంట మ్రోగగానే గదిలోని వారందరూ మాట ఆపి ఒకరి ముఖం ఒకరు చూచుకొంటారు. ఎవరూ నటించటంలేదు. భయమంటే ఏమిటో ప్రేక్షకునికి తెలుస్తుంది. కాని దేనికి భయపడవలెనో అంత స్పష్టంగా తెలియదు. ఈ చిత్రంలోని లోపం అదే.

2013 జూన్ 5న "గార్డియన్" పత్రిక ఒక రహస్య న్యాయస్థానపు ఉత్తరువును ప్రకటించినది. వెరిజాన్ అనే టెలిఫోను కంపెనీ తన ఖాతాదారుల పిలుపుల చిట్టాను ప్రతిదినం ప్రభుత్వానికి అందజేయవలెనని దాని సారాంశం. ఏ నంబరునుండి ఏ నంబరుకు, ఎప్పుడు, ఎంతసేపు అన్నవే ఆ చిట్టాలోని వివరాలు. సంభాషణ అందులో లేదు. రెండు దినాల తరువాత అధ్యక్షుడు ఒబామా, ప్రజల టెలిఫోను మాటలను ఎవరూ వినటంలేదని చెప్పినాడు. ఈ చిట్టా విషయంలో ఆ మాట అబద్ధం కాదు. చిక్కంతా అక్కడే ఉన్నది. వినవలసిన అవసరమే లేదన్న సంగతిని చిత్రం తగినంతగా వివరించదు. మెట్రో రైలు కార్డును, బ్యాంకు కార్డును జతపరిస్తే మనిషి జాడ ఎట్లా తెలుస్తుందో ఒక వక్త సభలో చెప్పే చిన్న దృశ్యం మాత్రం ఉన్నది. దానిని మరి నాలుగు నిమిషాలు పొడిగించినట్లయితే బాగుండేది.

ఉత్తరం విప్పకుండా, కవరు పైనున్న చిరునామాను, తపాలా ముద్రను మాత్రమే ఒకడు ప్రతిదినం వ్రాసిపెట్టుకొంటున్నాడనుకొందాం. ఒక కవరువల్ల ఏమీ తెలియదు. ఏడాది కవర్లవల్ల ఆ ఇంటి వ్యవహారమంతా తెలుస్తుంది. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 823 మంది తమంతట తామిచ్చిన చిట్టాలను పరిశీలించి, 2016లో ఫలితాలను ప్రకటించినారు. ఒకరి చిట్టాలో గుండె వైద్యులు, వైద్య పరీక్షాశాల, మందుల దుకాణం, గుండె లయను గమనించే పరికరానికి సంబంధించిన కేంద్రం వరుసగా కనిపించినవి. ఇక మాటలు వినటం దేనికి?

దీనికి తోడు ఒక లెక్క ఉన్నది. ఎనిమిదవ తరగతి విద్యార్థి కూడ చేయగలడు. అనుమానితునినుండి మూడు అంచెలవరకు చిట్టాలు వెదకటానికి ఆనాటి నిబంధనలు అనుమతించినవి. ఒక్కొక్కరు 40 మందితో మాట్లాడినారనుకొంటే, మొదటి అంచెలో 40, రెండవదానిలో 1,600, మూడవదానిలో 64,000. వెరసి 65,640 మంది. ఒకే మనిషి రెండు మూడు చోట్ల వస్తే సంఖ్య కొంత తగ్గుతుంది, నిజమే. కాని ఆ నలభైలో ఒకటి టాక్సీ కంపెనీ నంబరైతే ఊరంతా వలలో పడుతుంది!

ఇంత చేసి సాధించినదేమిటి? ఈ చిట్టాల కార్యక్రమం ఉగ్రవాద పరిశోధన ఫలితాన్ని మార్చిన ఉదాహరణ ఒక్కటి కూడ కనిపించలేదని, అమెరికా ప్రభుత్వ గోప్యతా పర్యవేక్షక మండలి 2014 జనవరిలోనే నివేదించినది. చిత్రం అదే ఏడాది అక్టోబరులో వచ్చినది. అయినా ఈ నివేదికకు అందులో చోటు దొరకలేదు. మూకుమ్మడి సేకరణను ఆపే చట్టం 2015 జూన్‌లో వచ్చినది కనుక దానికి చిత్రాన్ని తప్పుపట్టరాదు.

మన దేశంలో గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 2017 ఆగస్టు 24న ఏకగ్రీవంగా తీర్పు చెప్పినది. ఆ తీర్పును గూర్చి పాఠం చెప్పే ఉపాధ్యాయులకు ఈ చిత్రం ఉపయోగపడుతుంది. అక్కడక్కడ పరుషపదాలున్నవి, ముందుగా తాము చూచి, తగిన భాగాలను ఏరుకొనవలెను. హోటలు గది దృశ్యాలకు ముందు పై లెక్కను నల్లబల్లపై విద్యార్థులచేతనే చేయించటం మంచిది.