తేదీ వేసిన కాగితం

అమెరికాలో ఆర్కాన్సా రాష్ట్రంలోని హాట్ స్ప్రింగ్స్ వేడినీటి ఊటలకు పేరుపడ్డ ఊరు. 1900 ఏప్రిల్ 15న, ఒక ఆదివారం ఉదయం, అక్కడి ఈస్ట్‌మన్ హోటల్లో దిగినవాళ్లకు ఏమేం ఫలహారాలు పెట్టారో చెప్పే మెనూ కార్డు ఒకటి ఇవాళ్టికీ పదిలంగా ఉంది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో దాని నంబరు 1900-2822. దాని గురించి లైబ్రరీ రాసుకున్న వివరం ముక్తసరిగా ఉంటుంది: హోటల్ పేరు, ఊరు, ఏ పూట, ఏ తేదీ, కార్డు కొలత 4.75 అంగుళాలకు 7.5 అంగుళాలు, సందర్భం ఈస్టర్. అంతే. రుచి గురించి ఒక్క మాట లేదు, ఆ కార్డు అందంగా ఉందన్న మెచ్చుకోలూ లేదు.

ఈ పొడి వివరం గురించే ఈ వ్యాసం. చిల్లర కాగితాలను భద్రం చేసే పనిలో అసలు పనితనం అంతా అందులోనే ఉందని నా నమ్మకం. కాగితాన్ని పెట్టెలో దాచడం ఎవరైనా చేయగలరు. నూరేళ్ల తర్వాత దాన్ని తెరిచినవాడికి ఏ ప్రశ్నలు వస్తాయో ఊహించి, ముందే జవాబు రాసి పెట్టడానికి ఓపికా నేర్పూ రెండూ కావాలి.

నిజానికి ఈ కార్డు మిగలాల్సింది కాదు. ఆ రోజుల్లో పెద్ద హోటళ్లు ఏ రోజు మెనూ ఆ రోజు అచ్చు వేయించేవి. పైన తేదీ, కింద వంటకాల వరస. ఆ పూట గడిస్తే దానికి పని లేదు. రైలు టిక్కెట్టు, నాటకం కరపత్రం, సంత రశీదు, పెళ్లి శుభలేఖ, ఇవన్నీ ఈ జాతివే. పుస్తకాన్ని ఉంచుకోవాలని అచ్చు వేస్తారు. వీటిని పారేస్తారని తెలిసే అచ్చు వేస్తారు. అందుకే ఊరి చరిత్ర రాయడానికి కూర్చున్నవాళ్లకు రాజుల సంగతులు దొరికినంత సులువుగా కాఫీ ధర దొరకదు.

న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 1895లో ఆస్టర్, లెనాక్స్ గ్రంథాలయాలనూ టిల్డెన్ ట్రస్టు నిధినీ కలిపి ఏర్పడింది. దానికి తొలి డైరెక్టర్ డాక్టర్ జాన్ షా బిల్లింగ్స్. అంతకుముందు సైన్యంలో వైద్యుడు. వైద్య గ్రంథాలకు దేశంలోకెల్లా పెద్ద లైబ్రరీని కట్టి, వైద్య వ్యాసాలన్నిటికీ సూచిక తయారుచేయించిన మనిషి. 1899లో ఆయన దగ్గరికి ఒక ప్రతిపాదన వచ్చింది. మిస్ ఫ్రాంక్ ఇ. బట్టాల్ఫ్ అనే మహిళ తాను పోగుచేసిన మెనూ కార్డులను లైబ్రరీకి ఇస్తానని, ఇక మీదట కూడా లైబ్రరీ కోసం సేకరిస్తూ ఉంటానని చెప్పింది. హోటళ్ల తిండి జాబితాలు మాకెందుకని ఆయన అనవచ్చు. ఏ గ్రంథాలయ అధికారి అయినా అనేవాడే. బిల్లింగ్స్ సరేనన్నారు. ఆ మాటకూ ఈ కథలో బట్టాల్ఫ్ శ్రమకు ఉన్నంత విలువ ఉంది.

ఆ తర్వాత ఇంచుమించు పాతికేళ్లు ఆమెకు అదే పని. తనకు తోచిన ప్రతి హోటలుకూ ఉత్తరం రాసేది. ఉత్తరానికి పలకకపోతే స్వయంగా వెళ్లి అడిగేది. హోటల్ వ్యాపారులు చదివే పత్రికల్లో ప్రకటనలు వేసేది. మరకలు లేని శుభ్రమైన ప్రతే కావాలని పట్టుబట్టేది. 1904 నుంచి 1909 లోపు న్యూయార్క్ టైమ్స్ ఆమె గురించి మూడుసార్లు రాసింది. ఆ వార్తలు చదివి దేశదేశాల నుంచి మనుషులు తమంతట తామే కార్డులు పంపారు. అందులోని తిండి మీద తనకు ఏ ఆసక్తీ లేదని, చరిత్రకు పనికొస్తాయనే పోగుచేస్తున్నానని ఆమె ఆ పత్రికకు దాపరికం లేకుండా చెప్పింది. నాకు ఇది చాలా ముఖ్యమైన సంగతిగా తోస్తుంది. భోజనప్రియులు సేకరిస్తే మంచి విందులే మిగిలేవి. ఆమెకు ఆ పక్షపాతం లేదు కనుక గొప్ప విందు మెనూ పక్కనే మామూలు పొద్దుటి ఫలహారమూ మిగిలింది.

1924లో ఆమె చనిపోయేనాటికి 25 వేలకు పైగా కార్డులు చేరాయి. లైబ్రరీ ఆ పని ఆపలేదు. ఇప్పుడు మొత్తం సుమారు 45 వేలు. అందులో 1890 నుంచి 1910 వరకు ఉన్న భాగం అన్నిటికన్నా చిక్కన.

వీటిని సర్దిన తీరు చూడండి. నంబరు సంవత్సరంతో మొదలవుతుంది. ముందు ఏడు, తర్వాత వరస సంఖ్య. హోటళ్ల పేర్లను అక్షరక్రమంలో పెట్టి ఉంటే డెల్మోనికోస్ ఒక చోట, వాల్డార్ఫ్ ఒక చోట పోగుపడేవి. కాలక్రమంలో పెట్టడం వల్ల వేరే ఉపకారం జరిగింది. ఈస్ట్‌మన్ హోటల్ ఈస్టర్ ఫలహారం తర్వాత నాలుగు కార్డులు దాటండి. మర్నాడు, ఏప్రిల్ 16న, ఉత్తర జర్మన్ లాయిడ్ కంపెనీ ఓడ కైజర్ విల్హెల్మ్ డెర్ గ్రోస్సెలో పొద్దున పెట్టిన ఫలహారాల కార్డు చేతికొస్తుంది. రంగుల బొమ్మతో అచ్చయింది, 5.5కి 8 అంగుళాలు. మెనూ జర్మన్‌లోనూ ఇంగ్లీషులోనూ ఉందని, బొమ్మలో ఆవిరి ఓడా తెరచాప ఓడా ఉన్నాయని వివరంలో రాసి ఉంటుంది. దాని వెనకే అదే ఓడలో అదే రోజు మధ్యాహ్న భోజనం, ఆ వెనక రాత్రి భోజనం. ఆ ఓడ అట్లాంటిక్‌ను అన్నిటికన్నా వేగంగా దాటిన ఓడగా పేరు తెచ్చుకుని, మొదటి ప్రపంచ యుద్ధం మొదలైన నెల తిరక్కముందే, 1914 ఆగస్టులో మునిగిపోయింది. అందులో ఒక సోమవారం మూడు పూటలా ఏం వడ్డించారో మనకు తెలుసు. ఆ ముందురోజు, ఈస్టర్ నాడు, మిల్వాకీ నగరంలో రిపబ్లికన్ హౌస్ అనే హోటల్ భోజనానికి ఏం పెట్టిందో కూడా తెలుసు. నేలా సముద్రమూ తేదీల వరసలో పక్కపక్కన నిలిచాయి.

తేదీల వరసలో కార్డులు తిప్పుతూ పోతే దేశ చరిత్ర దానంతటదే కనబడుతుంది. పందొమ్మిదో శతాబ్దం చివర అమెరికన్ విందుల్లో కాన్వాస్‌బ్యాక్ అనే అడవి బాతు లేనిదే పరువు దక్కేది కాదు. వేటగాళ్లు అమ్మకం కోసం గుంపులుగుంపులుగా కొట్టారు. 1918లో వలస పక్షుల చట్టం వచ్చి వాటి అమ్మకాన్ని ఆపింది. ఆ తర్వాతి మెనూల్లో ఆ బాతుకు చోటు లేదు. యుద్ధకాలంలో ఒక రోజు మాంసం లేకుండా, ఒక రోజు గోధుమ లేకుండా నడపమని ప్రభుత్వం హోటళ్లను కోరింది. 1920లో మద్యనిషేధం వచ్చింది, 1933లో పోయింది. ఆ మధ్యకాలంలో వైన్ల పట్టికే ఎగిరిపోయింది. చట్టాల పుస్తకంలో ఇవన్నీ ఉన్నవే. భోజనం బల్ల దాకా ఎలా వచ్చాయో మాత్రం ఈ కార్డులే చెబుతాయి.

సెలరీ సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. ఇప్పుడు కూరలో వేసే ఆకుకాడగానో సలాడ్‌లో ముక్కగానో చూసే ఆ కాడ, 1900 ప్రాంతంలో సొంత వరుస, సొంత ధరతో మెనూలో నిలబడింది. కాఫీ, ముల్లంగి, ఆలివ్‌లతో పాటు ఆ కాలపు మెనూల్లో అతి తరచుగా కనబడేవాటిలో అదొకటి. పండించడం కష్టమైన రోజుల్లో దాన్ని గాజు కూజాలో నిలబెట్టి గొప్పగా బల్ల మీద పెట్టేవారు. ఒక్క కార్డు చూస్తే ఇది హోటల్ వాడి సరదా అనుకుంటాం. వేల కార్డులు ఒకచోట ఉంటేనే అది ఆ కాలపు అలవాటని తేలుతుంది.

సేకరించినామె ఊహకు అందని ఉపయోగాలు కూడా తర్వాత వచ్చాయి. సముద్ర జీవుల సంఖ్య వెనుకటి కాలంలో ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకున్న శాస్త్రజ్ఞులకు పాత లెక్కలు చాలినన్ని దొరకలేదు. వాళ్లు పాత మెనూలు తిరగేశారు. ఏ చేప ఏ దశాబ్దంలో మెనూకెక్కింది, లాబ్‌స్టర్ ధర ఎప్పటి నుంచి పెరిగింది, ఇవన్నీ ఏడు, ఊరు, ధరతో సహా అక్కడున్నాయి. తేదీ లేని మెనూ అయితే ఈ పనికి చిత్తుకాగితమే.

2011 ఏప్రిల్‌లో లైబ్రరీ ఈ కార్డుల బొమ్మలు జనం ముందు పెట్టి, అందులోని వంటకాలను ఒక్కొక్కటిగా టైపు చేసిపెట్టమని కోరింది. ఎక్కడెక్కడివాళ్లో చేయి వేశారు. 17 వేలకు పైగా మెనూల నుంచి 13 లక్షలకు పైగా వంటకాల నమోదులు, వీలైనచోట ధరలతో సహా తయారయ్యాయి. వాళ్లకు చెప్పిన నియమం నాకు బాగా నచ్చింది: అచ్చులో ఎలా ఉంటే అలాగే టైపు చేయండి, తప్పులు దిద్దకండి. దీనివల్ల ఒకే బంగాళాదుంప వంటకం పది రకాల పేర్లతో చేరింది. లెక్కలు కట్టేవాళ్లకు అది తలనొప్పి. అయినా దిద్దకపోవడమే సరైన పని. ఏ హోటల్ ఫ్రెంచి పేరు వాడింది, ఏది దాన్ని ఇంగ్లీషు చేసింది అన్నది కూడా చరిత్రే.

ఒక లోటు మాత్రం చెప్పాలి. అచ్చు వేయించే స్తోమత ఉన్నవాళ్ల భోజనమే ఈ పెట్టెల్లో ఎక్కువ. హోటళ్లు, ఓడలు, క్లబ్బులు, సన్మాన విందులు. రోడ్డు పక్క బండి మీద ఆల్చిప్పలు అమ్మినవాడు మెనూ అచ్చు వేయించలేదు. ఎంత శ్రద్ధగల సేకరణ అయినా కాగితం లేనివాడి దగ్గర ఆగిపోతుంది.

అదే లైబ్రరీలో స్థానిక చరిత్ర విభాగంలో ఇంకొకరి పని ఉంది. పేరు పర్సీ లూమిస్ స్పెర్. ఊతకర్రల మీద నడిచే మనిషి. 1920ల చివరి నుంచి 1940ల తొలినాళ్ల దాకా న్యూయార్క్ వీధులను 30 వేలకు పైగా ఫోటోలు తీశాడు. కూలగొట్టబోతున్న ఇళ్లు, కొత్తగా లేస్తున్న మేడలు, రేవులు, సందులు. ఫోటోలుగా వాటిలో కళ గొప్పదని అనను. ఎదురుగా నిలబడి సూటిగా తీసినవే ఎక్కువ. అట్టకు అంటించిన ఆ ఫోటో వెనక్కు తిప్పండి. ఏ వీధి, ఆ వీధికి ఏ పక్క, ఏ అడ్డవీధి మూల దగ్గర, ఏ దిక్కుకు చూస్తూ తీసింది, ఎడమ వైపు కనబడే భవనం ఏది, తీసిన తేదీ ఏది, అన్నీ టైపు చేసి ఉంటాయి. తేదీ నెలతో కూడా ఆగదు, రోజు సహా ఉంటుంది.

ఆ వెనక పక్కే ఫోటోను బతికించింది. 2015లో ఒక ప్రోగ్రామర్ ఈ విభాగంలోని పాత ఫోటోలను నగర పటం మీద ఏ చోటివి ఆ చోట కూర్చాడు. వీధి పేరూ అడ్డవీధి పేరూ రాసి ఉండబట్టే అది కుదిరింది. ఇప్పుడు ఆ నగరవాసి తన ఇంటి మూలమీద ఎనభై, తొంభై ఏళ్ల కిందట ఏముండేదో చూసుకోగలడు. వెనక ఖాళీగా ఉన్న ఫోటోను పటం మీద ఎక్కడ పెట్టేవాడు?

ఇక మన సంగతి. చీరాల దగ్గర వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం పాత తెలుగు పత్రికలను కాపాడిన తీరు మనందరికీ గర్వకారణం. పరిశోధకులు ఎక్కడెక్కడి నుంచో అక్కడికి వెళ్తారు. అయితే పత్రికకు తేదీ పుట్టుకతోనే ఉంటుంది. చిల్లర కాగితానికి ఆ భాగ్యం లేదు. మన నాటకం కరపత్రంలో "శనివారం రాత్రి 9 గంటలకు" అని ఉంటుంది, ఏ సంవత్సరమో ఉండదు. తిరనాళ్ల కాగితం మీద తిథి ఉంటుంది, ఏడు ఉండదు. సినిమా పాటల పుస్తకాల్లో విడుదల సంవత్సరం లేనివి కొల్లలు. పాత శుభలేఖలో క్రోధి నామ సంవత్సరం అని మాత్రమే ఉందనుకోండి. అది 1964-65 కావచ్చు, అరవై ఏళ్లు తిరిగొచ్చి 2024-25 కావచ్చు. అచ్చు, కాగితం చూసి, తిథివార నక్షత్రాలు లెక్కగట్టి తేల్చవచ్చు గానీ, ఇంట్లో తెలిసిన పెద్దవాళ్లుండగా ఆ కష్టం రేపటివాళ్లకు ఎందుకు మిగల్చాలి?

కనుక చదువరులకు ఒక మనవి. మీ ఇంట్లో ట్రంకు పెట్టె అడుగున, బీరువా పై అరలో ఇలాంటి కాగితాలు తప్పకుండా ఉంటాయి. నాటక సమాజం కరపత్రం, పాత హోటల్ బిల్లు, ఎన్నికల నాటి కాగితం, సహకార సంఘం రశీదు, పెళ్లి భోజనాల పద్దు. పారేయకండి. వెనక పక్క మెత్తటి పెన్సిల్‌తో, సిరాతో కాదు, నాలుగు సంగతులు రాయండి: ఏ సంవత్సరం, ఏ ఊరు, ఏ సందర్భం, ఎవరి ఇంట దొరికింది. ఆ సంవత్సరం తెలిసిన పెద్దవాళ్లను ఈ వారమే అడగండి. తర్వాత ఒక కవర్లో పెట్టి మీ ఊరి గ్రంథాలయానికి తీసుకెళ్లండి. అక్కడివాళ్లు వీటిని ఏం చేసుకోవాలని అడిగితే, న్యూయార్క్‌లో 1900-2822 నంబరు కింద ఒక పొద్దుటి ఫలహారాల కార్డు ఉందని చెప్పండి.